పవర్ హాలిడే

మిల్లుకి ఈ రోజు కరెంటు సెలవు.
జనప నుసి లేని పొద్దు
ముక్కుకి కొత్తగా తగిలింది.
తలకి సీకాయ పెట్టి రుద్దుకున్నాను.
నాలుగో చెంబుకి గాని
నీళ్ళు తెల్లగా దిగలేదు.

"బేగి రాయే, రైలెలిపోతాది!"
గుమ్మంలో ఏస్తేరు.
మగ్గం దగ్గర నా పక్క మనిషి.
పదకొండేళ్ళుగా ఆ మోతలో
చేతులతోనే మాట్లాడుకున్నాం.
ఇవాళ తీరిగ్గా నోళ్ళు విప్పితే
ఒకరి గొంతు ఒకరికి కాస్త వింతే.

విజయనగరం స్టేషన్లో
బోర్డు మీది ఊరి పేరుని మంచు సగం తినేసింది.
"విజయ" వరకే మిగిలింది.
"చాల్లే, మనకా సగం చాలు" అంది ఏస్తేరు.

పాసింజరు కిటికీ ఊచలు
చెంప ఆనిస్తే జివ్వుమన్నాయి.
కోత అయిపోయిన మళ్ళు,
కుప్పల మీద ఆవిరి,
దుప్పటి ముసుగులోంచి ఒక్క ముక్కు మాత్రం బయట పెట్టి
గేదెల వెనక నడిచే ముసలాయన.
కోమటిపల్లి దాటాక గాని సూర్యుడు రాలేదు.
వచ్చినవాడు కూడా
చింతపండుతో సగమే తోమిన ఇత్తడి పళ్ళెంలా ఉన్నాడు.

బొబ్బిలిలో కొనాల్సింది ఒక్కటే,
కాగితం నక్షత్రం.
పోయినేటిదాన్ని ఎలక కొరికింది, తోకతో సహా.

ముందు టీ. తర్వాత ఇంకో టీ.
రోడ్డు పక్క తాడు మీద స్వెట్టర్లు.
ఎర్రదాన్ని చెంపకి ఆనించుకుని చూశాను.
ముట్టుకున్నందుకు డబ్బులడగరు కదా.

ఫ్యాన్సీ షాపు గున్నేశ్వర్రావుగారు
దీపావళి తోరణాలు దించిన మేకుకే
నక్షత్రాలు తగిలించాడు.
ఏస్తేరు తొమ్మిది విప్పించింది.
ఒకదానికి తళుకెక్కువ,
ఒకటి పెళ్ళిపందిరిలా ఉంది,
ఒకదాని మొహం ఆమెకి నచ్చలేదు, కారణం లేదు.
ఆయన విసిగి,
"ఎన్ని కొమ్ములుండాలమ్మా నీ చుక్కకి?"
"జ్ఞానులకి దారి అగుపడీటన్ని."
నవ్వేశాడు. నవ్వాక బేరం సులువైంది.
నూటిరవైది ఎనభై ఐదుకి వచ్చింది.

ఇంకా పూటంతా మిగిలే ఉంది.
ఆటో ఎక్కి గొల్లపల్లి వెళ్ళాం,
వీణలు చూద్దామని, అంతే.
పనసమొద్దు ఒళ్ళో పెట్టుకుని
ఒకాయన లోపలి కండ తోడుతున్నాడు.
ఏం కావాలని అడగలేదు.
గోడకి ఆనించిన వీణ మీద
ఒక్క తీగ మీటాడు.

ఆ చప్పుడు అయిపోయాక కూడా
కాసేపు గదిలోనే కూర్చుంది.
మా చెవుల్లో ఇంత ఖాళీ ఉందని
మాకెవరూ చెప్పలేదు.

ధర చెప్పాడు. ఇద్దరం పకపకా నవ్వాం.
ఆయనా నవ్వాడు.
ఏస్తేరు పనస పొట్టు గుప్పెడు అడిగి
కొంగున కట్టుకుంది,
పశువుల తొట్టిలో పరవడానికట.
బాలయేసుకి ఈసారి వీణ కింది పరుపు.

మెస్సులో భోజనం పెట్టిన పిల్ల
చిక్కుడుకాయ కూర అడక్కుండానే మళ్ళీ వేసింది.
స్టేషన్ బయట ఉడికించిన తేగలు,
కట్ట ఇరవై.
చీల్చితే పొగ. మధ్యలో చందమామ, నాకే.

తిరుగు బండి డొంకినవలస దగ్గర ఆగిపోయింది.
పెట్టెలో లైట్లు మినుక్కుమని ఆరాయి.
"మనెనకే వొచ్చీసింది పవర్ హాలిడే" అన్నాను.
ఎదుటి సీట్లో చంటిది ఏడుపు అందుకుంది.
ఏస్తేరు సంచి విప్పి
నక్షత్రాన్ని మడత మడతగా తెరిచి
లోపల సెల్లు టార్చి పెట్టింది.

చిల్లుల్లోంచి వెలుగు
పై బెర్తు మూటల మీద,
చంటిదాని తడి బుగ్గ మీద,
శనగల బుట్టవాడి పంచె మీద పడింది.
ఎవరూ ఏమీ అనలేదు.
శనగలవాడు మాత్రం
"తల్లీ, అటు ఓ తిప్పు తిప్పు, చిల్లర కనపడతాది" అన్నాడు.

బండి కదిలి వంతెన ఎక్కేసరికి ఒకటే మోత.
అలవాటుగా మా గొంతులు ఆగిపోయాయి.
ఏస్తేరు ఐదు వేళ్ళూ విప్పి చూపించింది.
మా సైగల్లో అది ఎప్పుడూ లేదు.
అయినా అర్థమైంది.
నేనూ విప్పాను.

రేపు ఆరింటికి సైరను.
పంటి సందున తేగ పీచు ఒకటి
ఇంకా ఇరుక్కునే ఉంది.
నాలుకతో నెడుతూనే ఉన్నాను,
రావాలని మాత్రం లేదు.