నూట పన్నెండో పేజీ

ఆ నవల మీద వ్యాసం రాసిన.
పద్దెనిమిది పేజీలు, ముప్పై నాలుగు పాదసూచికలు.
నల్లగొండ ఎండకు ఫ్యాను గూడ అలిగిన స్టాఫ్‌రూముల
కథనం అన్న, శిల్పం అన్న, దృష్టికోణం అన్న.
గంటకింత అని ఇచ్చే కొలువుల
లెక్కకు రాని గంటలు అవి.

నూట పన్నెండో పేజీల ఒక వాక్యం:
“ముసలాయన గుడిసె ముందు నిలబడి
తలెత్తి చుక్కలను చూశాడు.”
దాని కింద రెండు గీతలు కొట్టిన.
ఆశకు ప్రతీక అన్న.
సెమినార్ల చదివితే
చాయ్ అయిపోయేదాక అదే ముచ్చట.

ఏర్పుల సంతోష, ఎమ్మే రెండో సంవత్సరం.
మర్రిగూడ అవతలి నుంచి రెండు బస్సులు మారి వస్తది,
మొదటి గంట ఎన్నడూ సగమే వింటది.
ఆనాడు మూడో గంట.
వాక్యం చదివి, నేనే మురిసి, పుస్తకం మూస్తుంటే
వెనక బెంచి లేచి నిలబడ్డది.

“సార్, ఆ తాత నడుము బోరునీళ్లకు వంగిపోయిందని
పదో పేజీల రాసిండు గదా?”
“అవును.”
“మరి తలెట్ల ఎత్తిండు?”

ఎవ్వరు నవ్వలె.

“మా పెదనాయన చుక్కలు చూడాలంటే
వాకిట్ల మంచమేసి, ఒక పక్కకు పండవెట్టి,
వీపు కింద బొంత ఎగదొయ్యాలె సార్.
అయినా సగం ఆకాశమే కనవడ్తది.
మిగిలిన సగం
మేం చెప్తం.”

గంట కొట్టిండ్రు. హాజరు తీసుడు మర్చిపోయిన.

చూపు గురించి ఎన్ని సిద్ధాంతాలు చదివిన!
మెడ గురించి ఒక్కటన్న చదివిన్నా?
రాత్రి క్లాక్‌టవర్ కాడ బస్సుకు నిలబడి
ఊరికే తలెత్తిన.
ఎంత సులువుగ లేస్తదో
పాడు మెడ.

ఇంటికొచ్చి ఆశను కొట్టేసిన, ప్రతీకను కొట్టేసిన.
పేజీన్నర పోయింది.
ముప్పై అయిదో పాదసూచిక కలిపిన:
ఏర్పుల సంతోష, వెనక బెంచి, మూడో గంట.

పత్రిక సంపాదకుడు నిన్న ఫోన్ చేసిండు.
మంచి మనిషే, మర్యాదగనే అడిగిండు:
“ఈ చివరి ఆకరానికి
ప్రచురణ సంవత్సరం ఇయ్యలేదు మీరు.”