గమనించడమైనది

గ్రిమ్స్‌బీ టౌన్‌హాల్, మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
నాలుగో అంశం: తొమ్మిదో నంబరు బస్సు రద్దు.
నా పని మినిట్స్ రాయడం.
ఎవరు ఏమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.

ముందుగా ఆర్థికాధికారి తెర మీద ఒక గీత చూపించాడు.
ఎర్రగీత. కిందికి, ఇంకా కిందికి.
గదిలో అందరికీ ఒళ్ళు జలదరించింది,
ఒకాయన టై ముడి వదులు చేసుకున్నాడు.
ఆ భయాన్ని నేను "వాస్తవాలు" అని రాశాను.

తర్వాత డోరీన్ గ్యారట్ లేచింది. మూడు నిమిషాలు.
బల్ల మీద పచ్చదీపం.
వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే మొగుడు,
టాక్సీకి పద్నాలుగు పౌండ్లు, రానూపోనూ ఇరవై ఎనిమిది,
లెక్కంతా బిస్కెట్ డబ్బా అట్ట వెనక రాసుకొచ్చింది.
హెచ్చవేత సగంలో గొంతు జీరపోయింది.
అట్ట వణికింది.

"ఉద్వేగాలు కాస్త పక్కన పెట్టి మాట్లాడుకుందామమ్మా"
అన్నాడు అధ్యక్షుడు, ఎంతో మర్యాదగా.
ఎక్కడ పక్కన?
నేను చుట్టూ చూశాను.
కోట్లు తగిలించే కొయ్యలున్నాయి,
గొడుగులు పెట్టే ఇత్తడి తొట్టి ఉంది.

ఎర్రదీపం వెలిగినా ఆమె కూర్చోలేదు.
అప్పుడాయన అరచేత్తో బల్ల చరిచాడు,
నీళ్ళ గ్లాసు ఎగిరిపడింది, మెడ మీద నరం ఉబ్బింది.
నా వేళ్ళు వాటంతటవే కొట్టుకుపోయాయి:
"అధ్యక్షులు నిబంధనను స్పష్టం చేశారు."
దాని పై వాక్యం:
"ఒక నివాసి ఆవేశానికి లోనయ్యారు."

పదకొండేళ్ళుగా ఇదే నా చేతివాటం.

లీడ్స్‌లో సిద్ధాంతాలు చదువుకునే రోజుల్లో
ఓ పంతులమ్మ చెప్పేది:
కోపం ఒంట్లో పుట్టదు, గదిలో పుడుతుంది,
ఎవరి మీద వాలితే వాళ్ళ పేరు పెట్టుకుంటుంది అని.
ఆ మాటే పరీక్షలో తిరగరాసి మార్కులు తెచ్చుకున్నాను.
ఆ పేరు పెట్టే పనికి నెలజీతం ఉంటుందని
ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడివాళ్ళు కోపం అయిపోతారు, మనిషంతా.
మాకు అది వస్తుంది.
ఏడుపు వస్తుంది, నవ్వు వస్తుంది, నిద్ర వస్తుంది,
తొమ్మిదో నంబరు వచ్చినట్టు,
ఆలస్యంగా, ఒక్కోసారి రెండూ కలిసి.
డోరీన్‌కి కోపం వచ్చింది.
బస్సు రాని చోటికి ఇంకేం వస్తుంది?

కడుపుమంట అని మాకో మాటుంది.
దాన్ని నేను "ఆందోళన" అని రాస్తాను,
మరీ ఎక్కువైతే "తీవ్ర ఆందోళన".
మంటని ఇంత నీళ్ళలో ముంచి తీస్తే
ఫైల్లో పెట్టడానికి వీలుగా ఉంటుంది,
కాగితాలు కాలవు.

పన్నెండు చేతులు లేచాయి. నాలుగు లేవలేదు.
నివాసి అభిప్రాయం గమనించడమైనది.
ఐదో అంశం: పార్కింగ్.

బయట చినుకులు. సముద్రం మీంచి చేపల కంపు, చలి.
బస్‌స్టాప్‌లో డోరీన్.
"నా గురించి రాశావా?"
రాశాను.
"ఏమని?"
టైమ్‌టేబుల్ వైపు చూస్తూ నిలబడ్డాను, అందులో నాకేదో పనున్నట్టు.
"ఏమన్నా రాసుకో గానీ, ఇంటిపేరు తప్పు కొట్టకు.
రెండు ఆర్‌లు, రెండు టీలు."
ఆమె వాక్యంలో అసలు పేరే లేదని
నాకప్పుడు గుర్తొచ్చింది.

సంచిలోంచి ఫ్లాస్కు తీసింది.
మూత ఒక్కటే. ముందు నాకే పోసింది.
ఊదుకోకుండా తాగాను,
నాలుక చురుక్కుమంది.