ఈల

దామరగిద్ద బడిల బాలస్వామి సారు ఈల ఊదితే
పిల్లలంత లైను కడుతరు.
కురుమూర్తి మాత్రం పుస్తకాల సంచి
తల మీద పెట్టుకొని గోడ దిక్కు ఉరుకుతడు.

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, దాచేదేముంది.
ఒకనాడు చెవి గూడ మెలిపెట్టిన.

వాడేం చెప్పలే. వాళ్ల అవ్వ చెప్పింది,
కందులు చెరుగుకుంట, నా మొఖం చూడకుంట:
ఆరు నెలలు ఇటుక బట్టీల.
రాత్రి మూడింటికి ఈల.
లేవకుంటే నీళ్లు. నీళ్లకు లేవకుంటే కట్టె.

ఆ రాత్రి వాని లెక్కల నోటుబుక్కు తెరిచిన.
ప్రతి పేజీ అంచుకు నాలుగు నిలువు గీతలు, అడ్డం ఒకటి.
మళ్ల నాలుగు, అడ్డం ఒకటి.
ఎర్ర పెన్ను మూత పెట్టేసిన.

సారు ఈలను చాలాసేపు అరచేతుల పట్టుకొని చూసి
జేబుల వేసుకున్నడు.
ఇప్పుడు ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తడు.
నూట పదకొండు పేర్లు.
ప్రార్థన రోజూ ఆలస్యమే. ఎంఈఓ అడిగితే
ఏం చెప్పాల్నో ఇంకా అనుకోలే.

కురుమూర్తిది ఎనభై మూడో పేరు.
డెబ్బై, డెబ్బై ఒకటి...
గేటు కాడ నిలబడి వింటనే ఉంటడు,
సంచి తల మీదికెంచి
మెల్లగ భుజానికి దిగుతది.