నన్ను తీసేస్తే

పోర్టు కాటా దగ్గర నా ఉద్యోగం.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీని తీసేస్తే
మిగిలినది ఇనుపరాయి.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే లెక్క.

ఇంట్లోనూ అదే.
ఆదివారం పొద్దున్నే నెత్తలిని ఎత్తుకుని మిషనెక్కుతాను.
దాన్ని దింపి, మళ్ళీ ఒక్కణ్ణే ఎక్కుతాను.
నన్ను తీసేస్తే మిగిలింది
రెండు కిలోల తొమ్మిది వందలు.
పాత కేలెండరు వెనకాల రాసుకుంటాను.

మధురవాడ దాటాక, కొండ కింద రేకుల షెడ్డు.
కూనలన్నీ ముందు వరస గూళ్ళలో,
వేలు కనిపిస్తే చాలు ఎగబడుతున్నాయి.
ఇది వెనకాల, మందుల బీరువా పక్కన,
గోడవైపు తిరిగి.
"అది వద్దులెండి. పదకొండేళ్ళది, కిడ్నీలు పోయాయి,
రోజు విడిచి రోజు సెలైన్ ఎక్కించాలి"
అంది సువార్తమ్మ, తాళాలగుత్తి సర్దుకుంటూ.

జాలిపడలేదు నేను.
కూననే తెచ్చుకుందామని వెళ్ళాను,
బుట్ట కూడా చిన్నదే పట్టుకెళ్ళాను.
అది తల తిప్పి నా చెప్పులకేసి చూసింది.
ఎంత కడిగినా పోని ఎర్రదుమ్ము.
గూడు తెరిపించానేమో, దిగి వచ్చి,
వాసన చూసి,
దానిమీదే గడ్డం ఆనించి పడుకుంది.
కాటా ముల్లు కాస్త ఊగి
ఆగినట్టయింది.

దోమతెర మేకుకి సీసా వేలాడదీస్తాను.
మొదటి నెల నా బొటనవేలికే రెండుసార్లు గుచ్చుకున్నాను.
"ఒక్క నిమిషం తల్లీ, ఒక్క నిమిషం"
అంటూ ఏడు నిమిషాలు.
నీళ్ళన్నీ భుజం కింద సంచిలా దిగి
తూలుతూ మంచం కిందికి పోతుంది.

మేడమీది పైడమ్మ నిలదీసింది:
"ఏటి బాబూ, పిల్లికి సెలైనా?
మా మావకి కేజీహెచ్‌లో మంచమే దొరకనేదు."
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
నా చెయ్యి బెణికిన వారం
సూది పట్టుకుంది ఆవిడే,
ముఖం అటు తిప్పుకుని.

అన్నిటికన్నా కష్టం చేప.
మా ఇంటికి హార్బరు నాలుగు సందులు.
తెల్లారగట్ట బోట్లొస్తే మొదట తెలిసేది దీనికే.
కిటికీ చువ్వకు ముక్కు ఆనించి
కానాగంతలు, వంజరం, ఎండునెత్తళ్ళు
పేరుపేరునా పీలుస్తుంది.
డాక్టరు రాసిన చప్పిడి మేత ముందు పెడతాను.
విశాఖపట్నంలో పుట్టి ఇదేం బతుకన్నట్టు
నాకేసి చూస్తుంది.
నెత్తలి అని పేరు పెట్టింది అందుకే,
తినలేనిదాన్ని కనీసం పిలిపించుకుంటుందని.

ఇంట్లో నేనూ చేప మానేశాను.
బుధవారాలు మాత్రం మెస్సులో పులుసు తిని
మూడుసార్లు సబ్బుతో చెయ్యి కడుక్కుని వస్తాను.
అది నా వేళ్ళు వాసన చూసి
ఏమీ అనకుండా వెళ్ళిపోతుంది.

ఈ ఆదివారం రెండు కిలోల ఏడు వందలు.
మళ్ళీ ఎక్కాను. మళ్ళీ.
తూకంలో తేడా వస్తే లారీని వెనక్కి పంపడం తెలుసు నాకు.
దీన్ని ఎక్కడికి పంపను?

రాత్రి, సీసా సగానికి దిగింది.
డాల్ఫిన్ నోస్ లైటు గోడ మీద ఒకసారి వెలిగి పోయింది.
సూది ఉండగానే, నా మోకాలి మీద తల పెట్టి
గుర్రుమనడం మొదలెట్టింది.
ఎంత బరువుందంటే అంకెల్లో చెప్పలేను.
కాలు తిమ్మిరెక్కింది.