నాలుగో మీట

ఆదోని పత్తి మిల్లు, కాటా గది. రాత్రి రెండున్నర.
తొమ్మిదివేల నాలుగునూర్ల ఇరవై దగ్గర
అంకె బిగుసుకుపోయింది.
మౌసు కదిపితే బాణం కదల్లేదు.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు. నల్లతెర వస్తాది"
అని మారెప్ప గోడకు చీటీ అతికించి పోయినాడు.
నొక్కితి. వెలుగు తగ్గింది.
మళ్లీ నొక్కితి. ఇంకా తగ్గింది.
ల్యాప్‌టాప్ నన్ను గుడ్డిదాన్ని చేస్తాందే గానీ
అవతలి గదిలోకి పోనీదు.

చీటీ అడుగున దూది అంటుకున్నచోట
గోరుతో గీకితే, ఇంకో ముక్క:
"ఎఫ్ఎన్ కూడా పట్టుకోవల్ల."

నాలుగు మీటలు.
నా ఎడమ చేతిలో రెండు వేళ్లు
జిన్నింగు రోలరు ఎప్పుడో తినేసింది.

బయట పదకొండు లారీలు.
కాటా మీద లారీ దిగి ఖాసింపీరా వచ్చినాడు,
బీడీ గడప అవతలే ఆర్పి.
"నాకొకటి చెప్పక్కా."
అతని బొటనవేలు ఎఫ్ఎన్ మీద.
"ఊఁ" అంటి.

తెరంతా మాయం.
చీకట్లో రెప్పలాడిస్తా ఒక గీత
పేరడిగింది.
ఉరుకుందమ్మ, అని కొడితి.
పాస్‌వర్డు కొడ్తాంటే చుక్కైనా పడదు.
"పడ్తాందా?"
"పడ్తాంటాది."

బిగుసుకున్నదాన్ని చంపి
పాత అలవాటుకొద్దీ ఎఫ్ ఏడు నొక్కితిమి: వట్టి నలుపు.
ఎఫ్ ఒకటి: ఎవరు నువ్వు, అని మళ్లీ మొదలు.
ఎఫ్ రెండులో దొరికింది మా కాటా.

తొమ్మిదివేల మున్నూటరవై.

"అరవై కిలోలు యాడికి పాయ?" అన్నాడు ఖాసింపీరా
నా పక్కన నిలబడి,
బొటనవేలు ఇంకా తీయకుండా.