సోమవారం

ఆదోని నుంచి రెండు రైళ్ళు మారి
బావమరిది రాసిచ్చిన చీటీతో విశాఖలో దిగాం.
ఒకటి, సబ్‌మెరైన్. సోమవారం, సెలవట.
కటకటాల్లోంచి దాని నల్లటి వీపు చూసి
"చేప నిద్రపోతోందా?" అంది మా చిన్నది.

రెండు, రెండుసార్లు గీత గీసిన హోటలు.
గంటన్నర నిలబడ్డాం,
బిర్యానీ వాసన మాత్రం ఉచితం.

మూడోది చదవబోతుంటే
గాలి చీటీ లాక్కుపోయింది.

బీచి గట్టు మీద లైట్లు వెలిగే వేళ
డబ్బా గలగలలాడిస్తూ నూకాలమ్మ:
"మొకాలు ఏలాడేసుకున్నారేటి?"
ఒకరి మాట ఒకరం తోసుకుంటూ చెప్పాం.
ఆవిడ నిమ్మచెక్క పిండుతూ
"సంద్రం సెలవెట్టదు కదమ్మా" అంది.

మేం బొరుగులంటాం, ఆవిడ మురీ అంది.
ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన పల్లీ,
టమాటా తడికి పొట్లం అడుగు చిరిగితే
కింద అరచెయ్యి పట్టి తిన్నాం.
మా రాజ్యం చెప్పులు నాకు అప్పజెప్పి
అలకి ఎదురు పరిగెత్తింది,
పెళ్ళయ్యాక ఆమె పరుగు చూడ్డం ఇదే.

బావమరిది ఫోను:
"అన్నీ చూశారా? ఎక్కడ తిన్నారు?"
నోరంతా మంట, కళ్ళలో నీళ్ళు.
"ఇంకో పొట్లం" అన్నాను,
ఫోనులోనే.