మీసం

త్రియెస్తేలో ఆ వారం బోరా గాలి.
కొండ మీద ప్రయోగశాల కిటికీలు పటపట పళ్లు కొరుకుతున్నాయి.
"ఇవాళ పళ్లేలు ముట్టుకోకు" అంది నీవెస్ జిదారిచ్.
"ఈ వణుకు చుక్కలోకీ దిగుతుంది."

గాజుపలకకు తలకిందులుగా వేలాడే చుక్క,
ఆవగింజంత.
అందులో ఒక ప్రోటీను,
దాని ఆకారం ఇంకా ఎవరూ చూడలేదు.
అడుగున ఉప్పునీళ్ల గుంట
చుక్కలోని తడిని మెల్లమెల్లగా తాగుతుంటుంది.

నా నోటుపుస్తకం నిండా ఓటమి రకాలు.
విరిగిన పాలు. గోధుమరంగు మడ్డి. నూనె బొట్లు.
ముళ్లపందిలా సూదుల గుత్తి.
ఒక్కసారి మాత్రం వజ్రం!
అందరినీ కేకేసి పిలిచాను.
నీవెస్ సూదితో నొక్కింది. కటుక్కుమంది.
"ఉప్పు" అంది. "ప్రోటీనైతే చప్పుడు చేయదు,
గట్టి పెరుగులా నలుగుతుంది."
ఆ సాయంత్రం ఎవరి ముఖమూ చూడలేక
వెనక మెట్ల దారిన దిగిపోయాను.

తప్పు ప్రోటీనుది కాదు, నా తొందరదని
తెలియడానికి ఏడు నెలలు పట్టింది.
పాకం ఒక్కసారిగా ముదిరితే
పలుకులు వేలకొద్దీ పుడతాయి, ఒక్కటీ ఎదగదు.
ఆమె గుంట మీద పల్చగా నూనె పోసింది,
ఆవిరికి దారి ఇరుకు చేయడానికి.
పద్దెనిమిది డిగ్రీలను పన్నెండు చేసింది.
తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది:
వాళ్ల పిల్లి బ్రిష్కా సోఫాలో రాల్చుకున్న మీసం.

పాత సూదుల గుత్తిని మీసం కొసతో నిమిరి
కొత్త చుక్కలో ఒక్క గీత గీసింది.
మామూలు గీత. పద్దుల పుస్తకంలో కొట్టివేతలాంటిది.
"ఇక పో. పది రోజుల్లోపు మూత తీశావో, వేళ్లు విరుస్తా."

పదకొండో రోజు, ఆ గీత పొడవునా
వరసలో నిలబడ్డాయి తొమ్మిది.
అంచులు పదును. లోపల మబ్బు లేదు.
మీసం మెలేయాల్సింది ఎవరైనా ఉంటే
ఆ పిల్లే.

నైలాన్ ఉచ్చులో ఒకదాన్ని పట్టి
ద్రవ నైట్రోజన్‌లో ముంచి
కిరణం ముందు నిలబెట్టాం.
రెండు నిమిషాలు.
తెర మీద చుక్కలు, చుక్కలు, అంచుదాకా చుక్కలు.
ఆవగింజంత చుక్కలోంచి
ఇంత ఆకాశం.

నీవెస్ తెర వైపు చూడలేదు.
కిరణం తాకిన చోట కమిలిపోయిన
ఆ పలుకునే చూస్తోంది.
"పాపం, పదకొండు రోజులు పెరిగింది" అంది.

మీసాన్ని కడిగి, ఆరబెట్టి,
అగ్గిపెట్టెలో పెట్టి, మూత మీద తేదీ రాసింది.
బయట మళ్లీ బోరా.
ఎవరిదో గొడుగును
సముద్రం వైపు తోలుకుపోతోంది.